తొట్టి నింపే వేళ

"టోకెన్లు అయిపోయాయి. రేపు రమ్మను," అంది టీచరమ్మ, గేటు గొళ్ళెం వేస్తూ.

డ్రైవర్ ఆ మాటను వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. శిబిరానికి వ్యాను నడిపేదీ అతనే, దుబాసీ కూడా అతనే.

గేటు అవతల మనిషి తలూపాడు. మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటు. అతని చొక్కా అంచు పట్టుకుని భార్య నిలబడి ఉంది. ఆమె రెండు కళ్ళలోనూ పాలు పోసినట్టు తెల్లటి పొరలు.

ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

టీచరమ్మకు ఒళ్ళు మండింది.

"నిన్నా ఇంతే. అందరూ తెల్లారకముందే వచ్చి కూర్చుంటే ఈయనగారు మాత్రం తీరిగ్గా వస్తాడు. ఆ తడి చూడన్నా, చేపలు పట్టుకుని వస్తున్నాడేమో."

డ్రైవర్ ఏదో చెప్పబోయి, వ్యాను వైపు నడిచాడు.

నిజానికి ఆమె కోపం ఆ మనిషి మీద కాదు. సేవ చేద్దామని స్కూలు సెలవుల్లో దేశం కాని దేశంలో ఉచిత కంటి శిబిరానికి వస్తే, డాక్టర్లు ఆమె చేతిలో గేటు తాళం పెట్టారు. లోపల జనానికి చూపు తిరిగొస్తోంది. బయట తను జనాన్ని తిప్పి పంపుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. రోజంతా కాలుగాలిన పిల్లిలా గేటుకీ వరండాకీ మధ్య తిరిగేది.

"ఇంకొక్కరికి చేయలేరా, డాక్టర్ గారూ?" అని ఆ మధ్యాహ్నం అడిగింది.

"ఒక్కరికి తలుపు తీస్తే ఊరంతా వస్తుంది, టీచరమ్మా. పొద్దున వరసలో ఉన్నవాళ్ళకే టోకెన్. సిఫార్సులు వద్దు. మనకున్న మంచి పేరే అది."

బసలో మాత్రం ఏ లోటూ లేదు. ఎవరో తమ ఇల్లు ఖాళీ చేసి ఇచ్చారట. ఆ వీధిలో కుళాయిలు ఎండిపోయాయి. అయినా ఆమె లేచేసరికి పెరట్లో తొట్టి నిండుగా ఉండేది. మన సంస్థ ఏర్పాట్లంటే ఏర్పాట్లే అనుకుంటూ ఒక చెంబు ఎక్కువే పోసుకునేది.

శిబిరం చివరి రోజు ఆమె తెల్లవారుతూనే వరసంతా కళ్ళతో వెతికింది. వాళ్ళు లేరు.

పంచుతూ పోతే ఒక్క టోకెన్ మిగిలింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వీధి మలుపు వైపు చూసింది.

"కాసేపు ఆగుదామన్నా."

వరసలో ముందున్న ముసలాయన చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది.

అప్పుడు వచ్చారు వాళ్ళు, ఆయాసపడుతూ. అదే తడి ప్యాంటు.

"కాస్త ముందు రాలేకపోయావా? పెళ్ళాం చూపు కంటే నీకు రాచకార్యాలేమున్నాయి?" ఆమె గొంతు పెద్దదైంది. "అడుగన్నా."

డ్రైవర్ అడిగాడు. ఆ మనిషి నెమ్మదిగా ఏదో అన్నాడు.

"పొద్దున్నే పనుందట. మానకూడనిదట."

"అయితే ఆ పనే చేసుకోమను."

ఆ మాట డ్రైవర్ చెప్పలేదు. భార్య మాత్రం టీచరమ్మ గొంతు వినిపించిన వైపు తిరిగి నవ్వింది.

ఆ నవ్వు రాత్రంతా టీచరమ్మను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టర్లు సామాన్లతో సహా ముందే వేరే వ్యానులో విమానాశ్రయానికి వెళ్ళిపోయారు. టీచరమ్మ ఇల్లు ఊడ్చి, తాళం వేసి, గుమ్మంలో నిలబడింది.

"అన్నా, తాళంచెవి ఇంటాయనకు నా చేత్తోనే ఇస్తాను. ఇల్లిచ్చిన మనిషి మొహం ఒక్కసారైనా చూడకపోతే ఎలా?"

"వస్తాడమ్మా. మీరింకా ఉన్నారుగా, తొట్టి నింపడానికి వస్తాడు."

"తొట్టి నింపేది ఆయనా?"

"రోజూ ఆయనే. మీరు లేవకముందే ఏటి నుంచి మోసుకొచ్చేవాడు. నింపేసి, ఊరవతల తనుంటున్న చుట్టాల కొట్టం దాకా మళ్ళీ నడిచి వెళ్ళి..." డ్రైవర్ ఆగిపోయాడు.

"వెళ్ళి?"

"తనెవరో గేటు దగ్గర చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడమ్మా. ఆ పేరు చెప్పుకుని ముందు వెళితే, ఇల్లు ఇచ్చినట్టు కాదు, అద్దెకిచ్చినట్టు అన్నాడు."

"గేటు దగ్గర ఆయనకేం పని?"

డ్రైవర్ ఆమె చేతిలోని తాళంచెవి వైపు చూశాడు.

పెరట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడైంది. టీచరమ్మ తాళంచెవి పట్టుకుని ఇంటి వెనక్కి పరుగెత్తింది.

ఖాళీ బకెట్లు కింద పెట్టి, తాళంచెవి కోసం చెయ్యి చాచిన మనిషి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది.