పైకి లేచిన బటను

ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని. నిదానంగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి. ఇది మా ఆయన మర్డో ఉన్నప్పటి మాట.

ఆ ఉదయం ఆయన ఎంత తాళం తిప్పినా పాత కారు ఇంజను అంటుకోవడం లేదు. కారు కదలకపోతే మా దీవిలో కొట్టుకూ, డాక్టరుకూ పోయే దారి లేదు.

“రాత్రి చర్చిలో ప్రార్థన నుంచి హాయిగా వచ్చిందే!” అన్నారాయన.

పిలిస్తే వచ్చిన మెకానిక్కు ఇయన్ మా చెల్లెలి కొడుకే. కింద పెట్రోలు పంపు ఉండే వెనక సీటుకు చెవి ఆనించాడు.

“పంపు మోగడం లేదు. మీ ముసల్ది అలిగింది పెదనాన్నా.”

“కారా, మీ పెద్దమ్మా?”

ముగ్గురం నవ్వుకున్నాం. ఇయన్ స్టీరింగు కింద తడిమి ఏదో నొక్కాడు. ఈసారి ఇంజను వెంటనే అందుకుంది. మర్డో చప్పట్లు కొట్టారు. ఇయన్ మాత్రం నవ్వలేదు.

“ఏం పాడైందిరా?” అన్నాను.

“ఏమీ కాలేదు పెద్దమ్మా. కారు దేన్నైనా గట్టిగా గుద్దితే ఈ బటను పైకి లేచి పెట్రోలు ఆపేస్తుంది.”

“నేను దేన్నీ గుద్దలేదురా,” అన్నారు మర్డో. ఆయన అబద్ధం ఆడరు, నిజంగానే ఏమీ గుర్తులేనట్టు చూశారు.

కారు ముందు మా గోడ రాళ్లు కూలి ఉన్నాయి. పొద్దున చూసి గాలికి పడ్డాయనుకున్నాను. ఇప్పుడు వంగి చూస్తే వాటికి మా కారు రంగు అంటి ఉంది. రాత్రిళ్లు ఆయన వచ్చే వేళకు రోజూ నేను టార్చి పట్టుకుని నిలబడేది అక్కడే. ముందు రాత్రి మాత్రం మోకాలి నొప్పితో బయటికి రాలేదు.

“ఎక్కవే, కొట్టుకు పోదాం.”

ఇంజను ఆపి, తాళం నా జేబులో వేసుకున్నాను.

“కారింకా బాగవలేదు,” అన్నాను.

ఇయన్ తల దించుకున్నాడు.

— ఎఫీ మెక్‌ఆస్కిల్, ఎనభై ఒకటి, ఇప్పుడు స్టోర్నవే పట్నంలో, బస్సు ఆగేచోటి పక్కింట్లో