నూనె తుడుచుకున్న చెయ్యి

కొబ్బరినూనె రాసుకున్న వేళ్లు పిల్ల మెడ మీద ఆనించిన ఓఫీరా, అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్కనే కూర్చున్న ఫువాతినో ముందుకు వంగింది.

కూతురు లాంగికి మెడ ఎముక పైన నిమ్మకాయంత గడ్డ. పన్ను పుచ్చితే వచ్చిందిలెమ్మని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. వాళ్లుండే సవాయీ దీవిలో ఒంట్లో ఎక్కడ వాచినా ముందు వెతికేది మర్దన చేసే మంచి చేతిని. ఓఫీరా ఈ మధ్యే అవతలి దీవి నుంచి చెల్లెలింటికి చేరిన కొత్త మనిషి. అక్కడ ఆవిడ చేతికి పేరుందని విని, మాంసం డబ్బాలు, అల్లిన చాప పట్టుకుని వచ్చింది ఫువాతినో.

"నొప్పుందా బంగారం?" అడిగింది ఓఫీరా.

"లేదవ్వా."

గడ్డని అటూ ఇటూ కదిపి చూసింది. రాయిలా ఉంది, కదల్లేదు.

"పన్ను వల్ల వచ్చిందైతే ముట్టుకుంటే గోలపెడతారమ్మా. వేలి కింద జారుద్ది. ఇది జారట్లేదు. రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా?"

"పడుకున్న చాప తడిసిపోతోంది. ఉక్కకేమో అనుకున్నా," అంది ఫువాతినో.

"తిండి?"

"సగంలో లేచిపోతోంది. గౌన్లన్నీ వదులైపోయాయి."

ఓఫీరా చేతి నూనె నడుముకు చుట్టుకున్న గుడ్డకు తుడిచేసింది. డబ్బాలూ చాపా తిరిగి ఫువాతినో ముందుకు నెట్టింది.

"దీన్ని నేను రుద్దను. రేపటి పడవకి పెద్దాసుపత్రికి తీసుకుపో."

మర్దన చేసే మనిషి చెయ్యి వెనక్కి తీసుకుందంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం. ఆ ఇంటికి చచ్చిపోయిన పెద్దల శాపం తగిలిందని. ఇక తెచ్చిన కానుక తిప్పి పంపడమంటే చెంప మీద కొట్టడమే.

"మా ఇంట్లో ఏం పాపం చూశావు?"

"పాపం మాట నేనెత్తలేదు. ఆసుపత్రి అన్నాను."

"చేతకాకపోతే చేతకాదని చెప్పు."

"చేతకాదమ్మా," అంది ఓఫీరా.

మర్నాడు ఫువాతినో పిల్ల రెక్క పట్టుకుని ఇంకో ఇంటికి పరుగెత్తింది. అక్కడి మర్దనామె గడప దిగనే లేదు.

"రాత్రే ఓఫీరా వచ్చి వెళ్లింది. నీ పిల్లని ముట్టుకోవద్దని కాళ్లావేళ్లా పడింది. ఆ శాపం నాకెందుకు తల్లీ?"

ఆ పక్కింట్లోనూ అదే మాట. కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగింది ఫువాతినో. కడుపు మంట ఆగక చివరికి ఊరి పెద్దల సభకెక్కింది.

"ఎక్కణ్ణుంచో వచ్చి నా ఇంటికి శాపం అంటగట్టింది."

పెద్దలు ఓఫీరాని పిలిపించారు. "ఎందుకు రుద్దనన్నావు?"

"కారణం నా సొంతం. ఆ పిల్లని మాత్రం పడవెక్కించండి."

కొత్త మనిషంటే ఏ ఊరికైనా లోకువే. ఊరు వదిలి పొమ్మన్నారు. ఓఫీరా మూట కట్టుకుని అవతలి దీవికి వెళ్లిపోయింది.

అయినా ఫువాతినోకి నిద్ర పట్టలేదు. పిల్ల గడ్డ పెరుగుతోంది, రుద్దే చెయ్యి ఊళ్లో ఒక్కటీ లేదు.

"ఆ ముసల్దాని మాట అబద్ధమని డాక్టరు చేతే చెప్పించుకొస్తా," అని మొగుడితో చెప్పి పిల్లతో పడవెక్కింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు పిల్ల మెడ, చంకలు, గజ్జలు, పొట్ట నెమ్మదిగా తడిమి చూశాడు.

"నొప్పుందా? రాత్రిళ్లు చెమటలా? చిక్కిందా?"

అవే ప్రశ్నలు. ఓఫీరా అడిగినవే.

గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు.

"లింఫ్ గ్రంథుల క్యాన్సర్. మందులకు లొంగే రకమే," అన్నాడు డాక్టరు. "వేళకి తెచ్చావు. మర్దనలతో నెలలు గడిపి తెస్తుంటారు, అప్పుడు నేను చేయగలిగింది ఉండదు."

న్యూజిలాండ్‌లో మందులు ఎక్కించారు; పెద్దాసుపత్రివాళ్లే అక్కడికి పంపారు. మందులకి బోడైన లాంగి తల మీద మళ్లీ జుట్టు మొలిచాక తల్లీకూతుళ్లు ఊరికొచ్చారు.

మర్నాడు తెల్లవారగానే ఫువాతినో, అమ్మమ్మల నాటి సన్నచాప తల మీద కప్పుకుని ఓఫీరా చెల్లెలి వాకిట్లో కూర్చుంది. తప్పు చేసినవాళ్లు అలాగే కూర్చోవాలి. అవతలివాళ్లు చాప ఎత్తితే క్షమించినట్టు.

ఎండెక్కింది. ఎవరూ రాలేదు. చాప కింద చెమటా కన్నీళ్లూ కలిసి కారుతున్నాయి.

చివరికి ఒక చెయ్యి చాప ఎత్తింది. చెల్లెలు.

"లోపలికి రా."

"ఓఫీరా అవ్వకి కబురు పంపు. ఆవిడే ఎత్తాలి ఈ చాప."

"అక్క పోయింది. వానలకి ముందే. చివరిదాకా నీ పిల్ల సంగతే అడిగింది."

ఫువాతినో తల ఎత్తింది. "ఆ రోజు సభలో కారణం ఎందుకు చెప్పలేదు?"

చెల్లెలు చాపని మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఏ నోటితో చెప్పుద్ది? అలాంటి గడ్డనే, తగ్గిపోద్దిలే తల్లీ అంటూ, కన్నకూతురు కన్నుమూసేదాకా ఆ చేత్తోనే రుద్దింది."