ఎడమకాలు

"సీటు ఎంత ఎత్తులో పెట్టమంటారు?" కొత్త కార్బన్ సైకిలును స్టాండుకెక్కించి మెకానిక్ అడిగాడు.

"డెబ్బై మూడున్నర సెంటీమీటర్లు," అంది రోజూ మా ఆయనతో కలిసి సైకిలు తొక్కే స్నేహితురాలు, టేపు వైపు చూడకుండానే. "హ్యాండిలు ఇంకాస్త కిందికి. తనకి వంగి తొక్కడమే ఇష్టం."

ఆయన మురిసిపోయాడు. పదహారేళ్లుగా ఆయన ప్యాంట్ల అంచులు మడిచి కుడుతున్నది నేను.

"ఈయన ఎడమ బూటు కింద మందంగా ఒక అట్ట వేయండి," అన్నాను. "ఆ కాలు అర అంగుళం పొట్టి."

ఆమె ఆయన వైపు తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదేం? భలే గుట్టు మనిషివే."

గెలిచాననుకున్నాను. ఆయన చెవులదాకా ఎర్రబడి, ఎడమకాలిని ఆమెకు కనబడకుండా మెల్లగా కుడికాలి వెనక్కి లాక్కున్నాడు.

నా ముందు ఆ కాలు దాచుకోవాలని ఆయనకు ఏనాడూ అనిపించలేదు.