ఎరువు లెక్క

"కూలి ఎంతైనా సరే, ముందు లేవండి! అటు చూడండి, మబ్బు నెత్తి మీదికొచ్చింది."

రెండెకరాల రైతు పక్క చేను గట్టు మీద నిలబడి అరిచాడు. కలుపు తీస్తున్న ఆడకూలీలు తలెత్తలేదు. ఆ చేను ఆసామి మాత్రం పకపకా నవ్వాడు.

"కూలి ఎంతైనానా? ఈ మాట నీ నోట వింటాననుకోలేదు బావా."

అతను నవ్వడంలో తప్పులేదు. ఎరువు ఖరీదుకు తోడు అది వేసే కూలీల ఖర్చు కూడా పోతే మిగిలేది బూడిదేనని, ఈ ఏడు తన మొక్కజొన్నకు ఎరువే మానేశాడు ఆసామి. "నాకు ఏటా మిగలడం లేదూ? లెక్క తెలియాలి బావా" అంటూ రైతు అతన్ని పదిమందిలో ఆటపట్టించేవాడు.

ఇప్పుడా లెక్క తెలిసినవాడికే చెమటలు పడుతున్నాయి. అప్పు చేసి తెచ్చిన బస్తాలు చేను మధ్యలో ఉన్నాయి. వాన ముంచుకొచ్చేలోగా మొక్క మొక్కకూ మొదలు దగ్గర ఎరువు వేసి మట్టి కప్పాలి. లేకపోతే ఎరువు కొట్టుకుపోయి అప్పు మిగులుతుంది. అన్ని రోజులూ వదిలి ఈ రోజే భార్యకు నడుం పట్టేసింది. "నావల్ల కాదు, కూలికి పిలుచుకోండి" అని అటు తిరిగి పడుకుంది. ఎంత తిట్టినా లేవలేదు.

కూలీల మేస్త్రమ్మ కొడవలి పక్కన పెట్టింది.

"మేం వస్తాం అన్నా. ఇక్కడ పని అయిపోవచ్చింది. కానీ మాలో ఒకామె మీ చేలో అడుగు పెట్టనంటోంది. ఆమె రాకపోతే మేమూ రాం. ముఠా అన్నాక ఒకటే మాట."

"ఎవరామె?"

మేస్త్రమ్మ చివరి సాలు వైపు చెయ్యి చూపింది. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకీ మొహానికీ తువ్వాలు. అటు తిరిగి, వంచిన నడుం ఎత్తకుండా కలుపు తీస్తోంది.

"ఏం, నా చేనుకేం తెగులు?"

"పని చేయించుకుని కూలి ఎగ్గొడతారట."

రైతుకు ఒళ్లు మండింది. అంతలోనే గతుక్కుమన్నాడు. పోయినేడు కోతలప్పుడు, పొద్దుండగానే వెళ్లిపోయిందని ఒక ముసలామెకు సగం కూలి కోసేశాడు. ఆమే అయ్యుంటుంది.

పైన ఉరిమింది. తొలి చినుకు అతని మెడ మీద పడింది. రైతు గబగబా జేబు తడుముకుని నోటు తీశాడు.

"తప్పయిపోయింది తల్లీ. ఆ సగం కూలి ఇదిగో, తీసుకో."

ఆమె తిరిగి చూడకుండానే తల అడ్డంగా ఊపింది.

"అది చాలదట" అంది మేస్త్రమ్మ.

"ఇచ్చెయ్యి బావా. ఆడమనిషి ఉసురు తగులుతుంది" అన్నాడు ఆసామి.

"ఇస్తాను! నా చేలో చెమటోడ్చిన మనిషికి పైసా బాకీ ఉంచుకోను. ఇంతమంది ముందు చెబుతున్నా, భూమి మీద ఒట్టు! ఎప్పటి నుంచి బాకీయో చెప్పమను, ఇప్పుడే తేల్చేస్తాను."

మేస్త్రమ్మ వెళ్లి చివరి సాలు దగ్గర వంగింది. తువ్వాలామె మేస్త్రమ్మ చెవిలో ఏదో చెప్పింది. తిరిగొచ్చిన మేస్త్రమ్మ నవ్వాలో వద్దో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ పెళ్లయిన రోజు నుంచట."