పక్క అరకి పొట్లం

ఓ పుట్టలో చీమలకి ఒక మంచి అలవాటుండేది. ఏ అరలో గింజలు మిగిలినా, ఆకులో పొట్లం కట్టి పక్క అరకి పంపేవి. ఆ పొట్లాలు మోసేది నూకాలు అనే చీమ. దారిలో పొట్లం విప్పకూడదని కట్టుబాటు. అందుకున్నవాళ్ళు అందులోంచే ఓ ముక్క తుంచి నూకాలు నోట్లో పెట్టడం ఆనవాయితీ.

ఆ ఏడు ముసురు తరవాత, చీమలు ఒక్కొక్కటే ఇంటిదారి మరిచిపోసాగాయి. రోజూ పదిమందిని వెతికి, కాలు పట్టి ఈడ్చుకొచ్చి, అరల్లో దిగబెట్టలేక నూకాలుకి ప్రాణం విసిగిపోయింది.

ఒకరోజు గవరమ్మ పిన్ని ఇచ్చిన పొట్లం ఆమె గుమ్మంలోనే చిరిగింది. లోపలన్నీ బూజు పట్టిన గింజలే.

"ఇదా పిన్నీ నువ్వు పంపేది! ఇది తినేనా అందరికీ మతి పోతోంది?"

"ఇంట్లో ఉంచుకుంటే తక్కినవీ పాడవుతాయి కదే. మాకూ అవతలి అరవాళ్ళే పంపారు."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పక్కింట్లో పెడితే వాళ్ళవి పాడవవూ? పుట్ట దాటితే చెత్తకుప్ప. ఆ నాలుగడుగులు వెయ్యడానికి ఒక్కరికీ ఒళ్ళు వంగదు. మీతో నా తలప్రాణం తోకకొస్తోంది. ఇలా తే, నేనే పారేసొస్తాను!"

పొట్లం నెత్తినెత్తుకుని నూకాలు విసవిసా వెళ్ళింది. కాసేపటికి అదే పొట్లంతో అదే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంకా పారెయ్యలేదుటే?" అంది పిన్ని.

"పారేస్తాను, తొందరపెట్టకు!" అని కసిరి, నూకాలు అటూ ఇటూ చూసింది. "ఇంతకీ బయటికి ఎటు వెళ్ళాలి?"