మందు లేని జొన్నలు

"మీ జొన్నల్లో పురుగుమందు జాడే లేదమ్మా. ఊళ్ళో ఇరవై ఇళ్ళ గింజలు పరీక్ష చేస్తే, మీవి మాత్రమే శుభ్రంగా వచ్చాయి," అని చెప్పి, పొద్దున వనపర్తి బస్సులో వచ్చిన పరిశోధకుడు కాగితం ఎంకమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఎంకమ్మ భర్త పకపకా నవ్వాడు. "చూస్తివా! ఏటేటా గింజలు పోసే గుమ్మిల పురుగుల పొడి కలుపుతనే ఉన్నం. గింజకు ఏమన్న అంటిందా? ఉత్తగ పరేషాన్ జేసిరి."

కోడలు చంద్రకళకు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. పొడి కలిపిన గింజలు కడుపులో బిడ్డకు మంచివి కావని నెల కిందట గింజలు పరీక్షకు పట్టుకెళ్తూ ఆ పరిశోధకుడే చెప్పాడు. ఆనాటి నుంచి ఆమె ఇంట్లో జొన్నరొట్టె ముట్టలేదు. కంట్రోలు బియ్యంతోనే నెట్టుకొస్తోంది.

"ఇగ భయం లేదు గదా మామా? అత్తమ్మా, రెండు రొట్టెలు చెయ్యవా? పాణం గుంజుతుంది," అంది చంద్రకళ.

ఎంకమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాల్చింది. చంద్రకళ ముక్క తుంచి నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఎంకమ్మ ఒక్కసారిగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"తినకు బిడ్డా. ఆ సారుకు గుమ్మిలయి ఇయ్యలే. దేవుని నైవేద్యానికని పొడి కలపకుండ కొన్ని యేరే కుండల దాస్త. ఇంటికొచ్చిన పెద్దమనిషికి మందు గింజలు ఎట్లియ్యాలని గవే ఇచ్చిన."

చంద్రకళ రొట్టెముక్కను పళ్ళెంలో పెట్టింది.

"దేవునికి పెట్టనియి, సారుకు ఇయ్యనియి, ఇన్నేండ్లు నాకెట్ల పెట్టినవ్ అత్తమ్మా?"