అచ్చమ్మ పంపిన షేర్వ

మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. నవనీత ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు క్యాన్‌లోకి తొంగిచూసింది. తెల్లటి నురగ, పైకి తేలుతున్న సన్నటి బుడగలు. కరెంటు పోయి గంటయింది. వంటింటి మసక వెలుతురులో అంతకు మించి కనబడలేదు.

"షేర్వ పాడైపోయిందండీ," అంది.

కాలికి కట్టుతో మంచం మీదున్న భర్త క్రాంతి తేలిగ్గా తీసుకున్నాడు. "ఇంకోసారి మరగబెట్టు. అమ్మకేం తెలుస్తది?"

ఒకసారి పాడయ్యాక ఎంత మరిగించినా తాగకూడదని, కాలు చాలదని కడుపు కూడా పాడుచేసుకుంటారా అని కసిరింది. అతను బుంగమూతి పెట్టేసరికి నవ్వొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మూతి చూస్తే ఆమెకు నవ్వే.

కానీ లోపల బెరుగ్గానే ఉంది. కొడుకు ఎముక అతుక్కోవాలని అత్త అచ్చమ్మ నిన్న వేములపల్లి నుంచి గొర్రెకాళ్ల షేర్వ కాచి పంపింది. రెండు పూటలా పొయ్యి మీద మరిగించుకోమంది, ఫ్రిజ్‌ని మాత్రం నమ్మొద్దంది. తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే ఏమీ కాదని నవనీత ఫోన్లో తెగ వాదించింది. ఇప్పుడా అత్తే మిర్యాలగూడ వస్తోంది. మామ మంగయ్య పొద్దున్నే వచ్చేసి ముందుగదిలో కునుకు తీస్తున్నాడు.

దాచడం ఇష్టం లేక, క్యాన్ తీసుకెళ్లి పెరటి మోరీలో వంచేసింది. ఆ చప్పుడుకు మంగయ్య లేచి వచ్చాడు.

"ఏం పారబోస్తున్నవ్ బిడ్డా?"

"షేర్వ మామయ్యా. పులిసిపోయింది."

మంగయ్య గోడకు ఆనుకున్నాడు. "అంత పోసినవా?"

"చుక్క మిగల్లేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నవనీత మనసు కరిగిపోయింది. పెళ్లాం చేతి వంటంటే ఈ వయసులోనూ ఇంత ప్రేమా! క్రాంతి కూడా ఇట్లాగే ఉంటే చాలనుకుంది.

అచ్చమ్మ సంచి కింద పెట్టకముందే నవనీత ఓడిపోయానని ఒప్పేసుకుంది. అచ్చమ్మ తిట్టలేదు. "గందుకే జెప్పిన," అని గొణుగుతూ ఫ్రిజ్ తెరిచి, నీళ్ల సీసాలు జరిపి, వెనకనుంచి అచ్చం అలాంటిదే ఇంకో క్యాన్ బయటికి లాగింది. మూత తీసి ఓరగా వంచింది. లోపల షేర్వ గడ్డకట్టి కదల్లేదు. వాసన చూసింది, వేలితో తీసి నాకి చూసింది.

"నేను పంపింది ఇదే గదనే. నిన్నటి లెక్కనే ఉన్నది."

నవనీతకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే అనుమానం వచ్చింది. "మరి నేను పారబోసిందేంటి అత్తయ్యా?"

అచ్చమ్మ పెరట్లోకి వెళ్లి మోరీ దగ్గర వంగింది. మంగయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"నీ ఫ్రిజ్ మంచిదే బిడ్డా," అంది అచ్చమ్మ లేస్తూ. "నాకు తెల్వకుండ మీ మామ దాసిన కల్లు గూడ పట్టిచ్చింది."